ఒకే ఇంట్లో రెండు కొలువులు

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చినప్పుడు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాల్లోని సాఫ్ట్‌వేర్, బ్యాంకింగ్, బీమా సంస్థలు ఉద్యోగుల చేతికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చి ఇళ్లకు పంపించాయి. ఆ ఉద్యోగుల్లో అద్దె గదులు ఖాళీ చేసి భీమవరం, ఖమ్మం, కడప, సిద్దిపేట వంటి సొంత ఊళ్లకు చేరుకున్నవారు ఎందరో ఉన్నారు. సంక్రాంతికి వచ్చి మూడు రోజులుండి వెళ్లే బిడ్డల కంటపడని సంగతులు నెలల తరబడి ఒకే ఇంట్లో ఉన్నప్పుడు బయటపడ్డాయి. ఫోనులో ఎప్పుడడిగినా బాగానే ఉన్నామని చెప్పే తండ్రి షుగరు మాత్రలు వేసుకున్న సంగతి మరచి రెండోసారి వేసుకుంటున్నాడనీ, తల్లి మోకాళ్ల నొప్పి వల్ల స్నానాల గదికి గోడ పట్టుకుని నడుస్తున్నదనీ, పొయ్యి మీద పెట్టిన పాలు మాడేదాకా ఆమెకు గుర్తుండటం లేదనీ అప్పుడే తెలిసిన కుటుంబాలున్నాయి. అదే ఏడాది నవంబరు 5న కేంద్ర టెలికాం శాఖ తాను ‘ఇతర సేవా సంస్థలు’ అని పిలిచే వర్గం నిబంధనలను సడలించి, ఆ వర్గంలోకి వచ్చే కాల్ సెంటర్లు, బీపీఓలు తమ ఉద్యోగులచేత శాశ్వతంగా కూడా ఇంటి నుంచి పని చేయించుకునే వీలు కల్పించడంతో, అత్యవసర ఏర్పాటుగా మొదలైన పద్ధతి కొన్ని కుటుంబాల్లో స్థిరమైన జీవన విధానంగా మారింది.

ఆ మార్పుతోపాటే ఒక నమ్మకం కూడా స్థిరపడింది. కొడుకో కూతురో ఇంటి నుంచి పని చేస్తున్నప్పుడు ఇంట్లోని పెద్దల సంగతి దానంతటదే చక్కబడుతుందనీ, వేరే మనిషిని పెట్టుకోవలసిన అవసరం గానీ తోబుట్టువులు ఆలోచించవలసిన అవసరం గానీ ఉండదనీ అనుకోవడం పరిపాటి అయింది. ఈ నమ్మకంలో సగం నిజమున్నది. ఇంటి నుంచి పని దూరం అనే సమస్యను తీర్చింది. రోజుకు రెండు మూడు గంటలు మింగే ప్రయాణాన్ని తప్పించింది. రాత్రివేళ ఇంట్లో ఒక బిడ్డ ఉన్నదన్న ధీమాను పెద్దలకు ఇచ్చింది. అయితే అది ఉద్యోగి సమయాన్ని పెంచలేదు, ఆ సమయంలో మనసు పెట్టవలసిన తావులను మాత్రం రెట్టింపు చేసింది. పక్క గదిలో ఉండటం, అవసరమైన నిమిషంలో చేతికి అందటం ఒకటి కావు. రెంటినీ ఒకటిగా లెక్కగట్టడం వల్లనే పేచీలన్నీ పుడుతున్నాయి.

పెద్దలను చూసుకోవడమంటే ఏమేమి చేయడమో విడదీసి చూడనిదే ఈ తేడా బోధపడదు. అమెరికన్ వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ప్రకటించిన ఒక కొలమానంలో మనిషి తన శరీరాన్ని తాను చూసుకోవడానికి చేసే ఆరు పనులను గుర్తించారు: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీది నుంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, అన్నం తినడం. వైద్య పరిభాషలో వీటిని నిత్య జీవన కార్యాలు అంటారు. 1969లో లాటన్, బ్రోడీ అనే పరిశోధకులు దీనికి రెండో జాబితాను జతచేశారు. ఫోను వాడటం, సరుకులు తెచ్చుకోవడం, వంట, ఇంటిపని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్కలు చూసుకోవడం అందులో ఉన్నాయి. ఇవి సాధన కార్యాలు. అంటే శరీరంతో నేరుగా ముడిపడకుండా, సంసారం నడపడానికి కావలసిన పనులు. సాధారణంగా వయసు మీదపడుతున్నప్పుడు ముందు రెండో జాబితాలోని పనులు తప్పిపోతాయి, ఆ తరువాత మొదటి జాబితాలోనివి.

ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికి సాధన కార్యాలతో పెద్ద చిక్కు లేదు, ఎందుకంటే వాటిని జరపవచ్చు, ఆపవచ్చు, గుంపుగా చేసుకోవచ్చు. నవంబరు నెలలో పింఛనుదారులు ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్‌ను జీవన్ ప్రమాణ్ విధానంలో ఫోనులో ముఖం చూపించి పంపడం, కరెంటు బిల్లు కట్టడం, మందులు తెప్పించడం, రక్తపరీక్షకు మనిషిని ఇంటికే పిలిపించడం వంటివి భోజన విరామంలోనో శనివారంనాడో పూర్తవుతాయి. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్ర ఆరోగ్య శాఖ టెలిమెడిసిన్ మార్గదర్శకాలను, అంటే వైద్యుడు ఫోనులోనో వీడియోలోనో రోగిని చూసి మందులు రాయడానికి పాటించవలసిన నియమాలను, విడుదల చేసింది. దానితో ప్రతి చిన్న సలహాకూ ఒక పూట సెలవు పెట్టి ఆసుపత్రి బెంచీ మీద కూర్చోవలసిన అవసరమూ కొంత తగ్గింది. తల్లిదండ్రులు ఈ దశలో ఉన్నంతకాలం ఇంటి నుంచి పని నిజంగానే గొప్ప వెసులుబాటు, దాన్ని చూసి మురిసిపోయే కుటుంబాలు పొరపడుతున్నాయని అనడానికి వీల్లేదు.

చిక్కంతా ఆరు నిత్య కార్యాల దగ్గర మొదలవుతుంది. మరుగుదొడ్డికి వెళ్లవలసిన అవసరం క్యాలెండరులో ఖాళీ చూసుకుని రాదు. పక్షవాతం వచ్చి మంచం పట్టిన మనిషిని సుమారు రెండు గంటలకొకసారి ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పకపోతే నడుము కిందా మడమల దగ్గరా రక్తప్రసరణ నిలిచి చర్మం పుండుపడుతుంది. బెడ్‌సోర్లు అని ఆసుపత్రుల్లో పిలిచే ఆ పుండ్లు పడటానికి కొన్ని రోజులు చాలు, మానడానికి నెలలు కావాలి. ఇన్సులిన్ వేసుకున్న మనిషికి ఆ తరువాత వేళకు అన్నం పెట్టకపోతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఇలాంటి పనుల్లో ఒక్కొక్కదానికి పట్టేది పదో పదిహేనో నిమిషాలే అయినా వాటి వేళను నిర్ణయించేది శరీరం. ఉద్యోగపు వేళను నిర్ణయించేది ఎక్కడో ఉన్న క్లయింటు. ఈ రెండు గడియారాల మధ్య నిలబడ్డ మనిషికి రెంటిలో దేన్నీ వెనక్కి తిప్పే అధికారం లేదు.

వీటికన్నా కష్టమైనది, ఏ జాబితాలోనూ విడిగా కనిపించనిది కనిపెట్టుకుని ఉండటం. భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం అంచనా వేసింది. డిమెన్షియా అంటే వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట, దారి గుర్తుపట్టే శక్తి క్రమంగా క్షీణించి మనిషి రోజువారీ జీవనం దెబ్బతినే మెదడు జబ్బు. అలాంటి తండ్రి కుర్చీలో ప్రశాంతంగా కూర్చుని ఉన్నప్పుడు చూసేవారికి అక్కడ చేయవలసిన పనేమీ లేదనిపిస్తుంది. కానీ ఆయన లేచి వీధి తలుపు గడియ తీస్తాడేమో, గ్యాస్ వెలిగిస్తాడేమో, పనిమనిషిని దొంగ అనుకుంటాడేమో అన్న జాగరూకత ఒక చెవిని ఎప్పుడూ హాలు వైపు పడేసి ఉంచుతుంది. ప్రోగ్రాము రాయడం, లెక్కల పట్టీ సరిచూడటం, ఖాతాదారు ఫిర్యాదు వినడం వంటి ఉద్యోగపు పనులకు కావలసినది కూడా సరిగ్గా ఆ ఏకాగ్రతే. చేతులకు రెండు పనులు అప్పగిస్తే ఒకదాని తరువాత ఒకటి చేస్తాయి. ధ్యాస అలా పంచుకోవడానికి లొంగేది కాదు కాబట్టి రెండు చోట్లా పొరపాట్లు జరుగుతాయి, జరిగినప్పుడు రెండు చోట్లా మాట పడవలసి వస్తుంది.

తెలుగువారి ఉద్యోగాల్లో అమెరికా క్లయింట్ల పని ఎక్కువ కావడం వల్ల ఈ ఇబ్బందికి ఇంకొక ప్రత్యేక రూపం ఏర్పడింది. డిమెన్షియా ఉన్నవారిలో చాలామందికి సాయంత్రం పొద్దువాలే వేళ నుంచి కలవరం ఎక్కువవుతుంది. ఇల్లు తమది కాదనడం, ఎప్పుడో పోయిన తల్లి ఎదురుచూస్తున్నదని బయలుదేరడం, అడిగిందే అడగటం, కోపంతో అరవడం ఆ వేళలో కనిపిస్తాయి. వైద్యులు దీన్ని సన్‌డౌనింగ్ అంటారు. అలసట, తగ్గుతున్న వెలుతురు, మెదడులో నిద్రకూ మెలకువకూ సంబంధించిన లయ చెదరడం దీనికి కారణాలుగా చెబుతారు. న్యూయార్కులో ఉదయం 9 గంటలైనప్పుడు మన దగ్గర వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. అంటే అవతలి దేశపు ఉద్యోగి కాఫీ తాగి మొదటి సమావేశానికి కూర్చునే సమయమూ, ఇక్కడ తల్లి మనసు అదుపు తప్పే సమయమూ ఒకటే. కాలిఫోర్నియా క్లయింట్లయితే వేసవిలో రాత్రి 9.30కు, చలికాలంలో 10.30కు పని మొదలవుతుంది. అర్ధరాత్రి దాటి ల్యాప్‌టాప్ మూసిన కూతురు కన్ను మూసేలోపే తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూర్చునే తల్లి ఆమెను పిలుస్తుంది. పగలు ఇంట్లోనే ఉంటున్నది కదా, ఎప్పుడైనా పడుకోవచ్చు కదా అని చూడవచ్చిన బంధువులు అంటారు గాని, పగలు పడుకోవడానికి కూడా ఇంట్లో మరో మనిషి మెలకువగా ఉండాలన్న సంగతి వారికి తట్టదు.

ఇంట్లో ఉండి చేసే పని పనిగా కనబడకపోవడం తెలుగునేలకు కొత్త విషయం కాదు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన లేసు అల్లిక నరసాపురం పరిసరాల్లో వేలాది స్త్రీలకు జీవనాధారమైంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీల శ్రమను అధ్యయనం చేసి 1982లో ప్రచురించిన గ్రంథం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. విదేశీ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను వ్యాపారులూ, కుటుంబాలూ, చివరకు ఆ స్త్రీలు కూడా కార్మికులుగా గాక గృహిణులుగానే లెక్కించారనీ, గంటల తరబడి చేసే అల్లికను తీరిక వేళల కాలక్షేపంగా పరిగణించడం వల్లనే అంత తక్కువ కూలి సాధ్యమైందనీ ఆమె చూపించారు. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల్లో చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే స్త్రీలు ఒక చేత్తో పని చేస్తూనే మంచాన పడ్డ అత్తలనూ మామలనూ చూసుకుంటూ వచ్చారు. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా ఉద్యోగుల నిర్వచనంలో చేర్చిందంటే, ఇంట్లో చేసినంత మాత్రాన పని పని కాకుండా పోదని శాసనకర్తలు అర్ధ శతాబ్దం కిందటే ఒప్పుకున్నట్టు. లేసు సూదికీ ల్యాప్‌టాప్‌కూ కూలిలో పోలికే లేకపోయినా, ఇంటి గోడలు శ్రమను దాచే తీరులో పోలిక ఉన్నది. పైగా నేటి ఉద్యోగి ఇంట్లో దాగేవి రెండు శ్రమలు: కుటుంబం కళ్లకు ఉద్యోగం కనబడదు, సంస్థ కళ్లకు సంరక్షణ కనబడదు.

ఆ రెంటి భారమూ ఎవరి మీద పడుతున్నదో చూసినప్పుడు సమాధానం ఊహించినట్టే ఉంటుంది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుండగా, అదే పనిలో పాల్గొనే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. భార్యాభర్తలిద్దరూ ఇంటి నుంచి పని చేస్తున్న కుటుంబాల్లో సైతం తలుపు మూసుకోగల గది భర్తకూ, భోజనాల బల్ల భార్యకూ దక్కడం సాధారణ దృశ్యం. బల్ల దగ్గర కూర్చున్న మనిషి పిలుపుకు అందుతుంది కాబట్టి పిలుపులన్నీ ఆమెకే వస్తాయి. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఖ్యంగా మహిళల కోసం ఇంటి నుంచి పని అవకాశాలను పెద్దయెత్తున పెంచాలని సంకల్పం ప్రకటించింది. ఊళ్లో ఉండిపోయిన చదువుకున్న స్త్రీలకు అది ఆదాయం తెచ్చే మంచి ఆలోచనే. అయితే ఆ పథకం పక్కన వృద్ధులకు పగటి సంరక్షణ కేంద్రాలు గానీ, ఇంటికి వచ్చే నర్సింగ్ సేవ గానీ లేకపోతే, అత్తమామల సేవకు తోడు ఒక జీతం కూడా సంపాదించవలసిన కోడళ్లను తయారుచేసే పథకంగా అది పరిణమించే ప్రమాదమున్నది.

ఇక్కడ చట్టంలోని ఒక విచిత్రాన్ని గమనించాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో బిడ్డలు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు మాత్రమే ఉన్నారు. కోడలు, అల్లుడు లేరు. వారిని కూడా చేర్చాలని 2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు చట్టరూపం దాల్చలేదు. చట్టం బాధ్యత పెట్టని ఆ కోడలే ఆచారం ప్రకారం అందరికన్నా ఎక్కువగా చేస్తున్నది. ఎదురింట్లో, పక్కింట్లో దీనికి మినహాయింపులు కనబడవచ్చు, తల్లికి జడవేసి అన్నం తినిపించే కొడుకులు ఈ కొన్నేళ్లలో పెరిగిన మాటా నిజమే. కానీ లెక్క మొత్తం మీద ఇంకా స్త్రీల వైపే మొగ్గుతున్నది.

తోబుట్టువుల మధ్య వచ్చే పేచీ మరొకటి. ముగ్గురు బిడ్డల్లో ఒకరికి ఇంటి నుంచి పని దొరికితే తల్లి సంగతి ఆ ఒక్కరికీ రాసిచ్చినట్టే మిగతా ఇద్దరూ భావించడం, నెలకింత డబ్బు పంపడంతో తమ వంతు తీరిందనుకోవడం తరచుగా జరుగుతుంది. డబ్బు అవసరమే, కాదనలేము. కానీ ఇంట్లో ఉన్న బిడ్డకు కరువైనది సమయం కాబట్టి సాయం కూడా సమయం రూపంలో అందాలి. పైన చెప్పిన రెండు జాబితాల తేడా ఇక్కడ అక్కరకు వస్తుంది: నిత్య కార్యాలకు మనిషి పక్కనే ఉండాలి, సాధన కార్యాలకు ఉండనక్కరలేదు. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు, బీమా క్లెయిము కాగితాలు, మందుల ఆర్డర్లు, బ్యాంకు లెక్కలు డాలస్ నుంచైనా దుబాయ్ నుంచైనా పూర్తిగా నడపవచ్చు. ఇక్కడ సాయంత్రం 6.30 అయినప్పుడు వేసవిలో డాలస్‌లో ఉదయం 8 గంటలు; అక్కడి కొడుకు తన ఉద్యోగానికి ముందు అరగంటసేపు వీడియోలో తండ్రిని పాత ఊసుల్లోకి దింపగలిగితే ఇక్కడి కూతురు తన మొదటి సమావేశాన్ని నిమ్మళంగా ముగించుకుంటుంది. కాలభేదం చేసే చెరుపును కాలభేదంతోనే కొంత సరిచేయవచ్చునన్నమాట. ఏడాదికొకసారి రెండు మూడు వారాలు వచ్చి, చుట్టపుచూపుగా గాక పూర్తి బాధ్యత తీసుకుని, ఇంట్లో ఉన్నవారిని ఊరు దాటించడం అన్నిటికన్నా విలువైన సాయం.

ఇంతవరకు చెప్పినదంతా చూసుకునేవారి వైపు నుంచి. పెద్దల వైపు నుంచి చూస్తే ఈ ఏర్పాటు ఇంకో రకంగా కనిపిస్తుంది. బిడ్డ ఆఫీసుకు వెళ్లిన రోజుల్లో సాయంత్రం దాకా రాడన్న స్పష్టత ఉండేది. ఇప్పుడు బిడ్డ పదడుగుల దూరంలోనే ఉన్నాడు, కానీ చెవుల్లో హెడ్‌ఫోన్లు, ముఖం తెర వైపు. ఎప్పుడు పలకరించవచ్చో, ఎప్పుడు కూడదో పెద్దలకు తెలియదు. అవసరాన్ని ఆపుకుని, మంచినీళ్లు తాగితే మళ్లీ లేవవలసి వస్తుందని తాగడం తగ్గించి, బిడ్డను ఇబ్బంది పెట్టకూడదని తమంతట తాము లేవబోయి జారిపడే పెద్దలున్నారు. నీరు తక్కువైతే ఈ వయసులో మూత్రకోశపు ఇన్ఫెక్షన్లూ, హఠాత్తుగా మతి తప్పడమూ తేలిగ్గా వస్తాయి. సిగ్గు కూడా ఒక పెద్ద సంగతి: కొడుకు చేత స్నానం చేయించుకోవడానికి తల్లి, కోడలి చేత బట్టలు మార్పించుకోవడానికి మామ ఒప్పుకోలేకపోవడం మొండితనం కాదు, ఒక జీవితకాలపు మర్యాద. అటువంటి పనులకు బయటి మనిషిని, కనీసం ఉదయపు రెండు గంటలకైనా, కుదుర్చుకోవడంలో బిడ్డల ప్రేమకు లోటేమీ రాదు. చాలాసార్లు పెద్దలే దానివల్ల ఊపిరి పీల్చుకుంటారు.

అందువల్ల ఇంట్లో చేయవలసిన మొదటి సర్దుబాటు పెద్దలకు వేళలు తెలిసేలా చేయడమే. ఏ ఏ గంటల్లో తలుపు మూసి ఉంటుందో, ఎప్పుడు తీసి ఉంటుందో పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలించడం, ఎంత ముఖ్యమైన సమావేశంలో ఉన్నా మోగించదగిన ఒక కాలింగ్ బెల్లును మంచం పక్కన పెట్టడం, అది మోగినప్పుడు విసుక్కోకుండా లేవడం, సమావేశాల మధ్య పది నిమిషాల ఎడం ఉండేలా చూసుకుని ఆ ఎడంలో ఉత్తచేతులతో వెళ్లి పక్కన కూర్చోవడం చిన్న విషయాలుగా కనిపించినా రోజు నడకను మార్చేస్తాయి. స్నానాల గదిలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు, జారని చాపలు, మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు, గడప దగ్గర ఎత్తుపల్లాల సవరింపు వంటి వాటికయ్యే ఖర్చు ఒక తుంటి ఎముక శస్త్రచికిత్స ఖర్చులో లేశమంత. కెమెరాలు పెట్టి గదిలోంచి చూసుకునే పద్ధతి ఇప్పుడు వ్యాపించింది; హాలులో, వీధి తలుపు దగ్గర అది ఉపకరిస్తుంది గాని, పడకగదిలో పెట్టేముందు పెద్దల అనుమతి అడగాలన్న కనీస మర్యాదను చాలామంది విస్మరిస్తున్నారు.

ఆయాలనూ అటెండెంట్లనూ పంపే ఏజెన్సీలు నగరాల్లో చాలా ఉన్నా, వచ్చే మనిషికి నర్సింగ్‌లో శిక్షణ ఉన్నదా, వంటా అంట్లూ చూసుకునే పనికి వచ్చిందా అన్నది ముందే తేల్చుకోవాలి. ఇంటి నుంచి పని చేసేవారికి ఇక్కడ ఒక అనుకూలత ఉన్నది: కొత్త మనిషి మొదటి రెండు వారాలూ ఎలా తిప్పుతున్నదో, ఎలా తినిపిస్తున్నదో చూసి నేర్పడానికి వారు ఇంట్లోనే ఉంటారు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఏజెన్సీలు దొరకవు, తెలిసినవారి ద్వారా కుదిరిన మనిషే దిక్కు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు, వయోవృద్ధుల సమాచారానికీ సహాయానికీ 14567 హెల్ప్‌లైను అందుబాటులో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 70 ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు చివర ఆయుష్మాన్ భారత్ కింద ఐదు లక్షల రూపాయల ఆసుపత్రి బీమాను విస్తరించింది. అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు. ఇంట్లో ఆయాకిచ్చే జీతానికీ డైపర్ల ఖర్చుకూ వర్తించదు, నెలనెలా కుటుంబాన్ని కుంగదీసేవి మాత్రం ఇవే.

చూసుకునేవారి ఆరోగ్యం గురించి మన ఇళ్లలో మాట్లాడటం తప్పుగా భావిస్తారు. స్టీవెన్ జారిట్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1980లో సంరక్షణ భారాన్ని కొలవడానికి రూపొందించిన ప్రశ్నావళి 22 ప్రశ్నల రూపంలో నేడు ఎన్నో భాషల్లో వాడుకలో ఉన్నది. తనకంటూ సమయం మిగలడం లేదని అనిపిస్తున్నదా, పెద్దల దగ్గర ఉన్నప్పుడు కోపం వస్తున్నదా, ఇంకా బాగా చూసుకోవలసిందన్న బాధ కలుగుతున్నదా అన్న ధోరణిలో ఆ ప్రశ్నలుంటాయి. కోపమూ, చేయలేకపోతున్నామన్న బాధా ఒకే మనిషిలో ఒకే రోజు కలగడం సహజమని వైద్యశాస్త్రం గుర్తించిందని తెలిస్తేనే కొందరికి సగం బరువు దిగుతుంది. ఆఫీసుకు వెళ్లే మనిషికి దారిలోనైనా, క్యాంటీనులోనైనా మరో లోకం తగులుతుంది. ఇంటి నుంచి పని చేసే సంరక్షకులకు ఆ గాలి కూడా సోకదు కాబట్టి నడకకో, గుడికో, స్నేహితుల ఇంటికో వారంలో కొన్ని గంటలు బయటికి వెళ్లడాన్ని మందులాగా వేళపెట్టి పాటించాలి.

చివరగా, పని ఇచ్చేవారి సంగతి. మన చట్టాలు పసిబిడ్డ విషయంలో ఉద్యోగి సమయాన్ని గుర్తించాయి: 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 26 వారాల సెలవు ఇవ్వడమే గాక, ఆ తరువాత పని స్వభావాన్నిబట్టి పరస్పర అంగీకారంతో ఇంటి నుంచి పని చేయవచ్చునని కూడా చెప్పింది, కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల పెంపకం కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవున్నది. ముదుసలి విషయంలో చట్టం గుర్తించినది డబ్బును. 2007 చట్టం ప్రకారం పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం. ట్రిబ్యునల్ ఇప్పించగల భరణం నెలకు గరిష్ఠంగా పది వేల రూపాయలు. అస్సాం రాష్ట్రం 2017లో చేసిన చట్టం తల్లిదండ్రులను నిర్లక్ష్యం చేసే ప్రభుత్వోద్యోగి జీతంలోంచి కొంత కోసి వారికి ఇచ్చే ఏర్పాటు చేసింది. అదీ డబ్బు లెక్కే. బాగా చూసుకోవాలనుకునే ఉద్యోగికి కావలసిన గంటల గురించి ఈ చట్టాల్లో ఏమీ లేదు.

ఏటా సుమారు లక్ష మంది తల్లిదండ్రులనూ కుటుంబ సభ్యులనూ చూసుకోవడానికి ఉద్యోగాలు వదిలేసే జపానులో, ఒక్కొక్క కుటుంబ సభ్యుని కోసం మొత్తం 93 రోజుల సంరక్షణ సెలవును విడతలుగా తీసుకునే హక్కు ఉన్నది. 2025 ఏప్రిల్ నుంచి అలాంటి ఉద్యోగులకు ఇంటి నుంచి పని చేసే వీలు కల్పించడానికి యజమానులు ప్రయత్నించాలని కూడా చట్టంలో చేర్చారు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 6 నుంచి ఏడాదికి ఒక వారం, జీతం లేకుండానైనా, సంరక్షణ సెలవు హక్కుగా లభిస్తున్నది. మన దేశంలో 2022 జూలైలో ప్రత్యేక ఆర్థిక మండళ్ల నిబంధనల్లో ఇంటి నుంచి పని గురించి కొత్త నియమం చేర్చినప్పుడు ఐటీ ఉద్యోగులు, తాత్కాలికంగా అశక్తులైనవారు, ప్రయాణంలో ఉన్నవారు, వేరే చోట పని చేస్తున్నవారు అని వర్గాలు పేర్కొన్నారు. ఇంట్లో అశక్తులైన మనిషిని చూసుకుంటున్నవారన్న వర్గం అందులో లేదు. ఫలితంగా మేనేజరుకు రాసుకునే అభ్యర్థనలో ఉద్యోగి వ్యక్తిగత కారణాలు అని మాత్రమే రాస్తున్నాడు, మంజూరు చేయడమా మానడమా అన్నది ఆ మేనేజరు మంచితనం మీద ఆధారపడుతున్నది. మేనేజరు మారితే ఒప్పందమూ మారుతుంది గనుక, ఏ గంటల్లో అందుబాటులో ఉంటారో, ఏ గంటల్లో ఉండరో, అత్యవసరమైతే ఎవరు పని అందుకుంటారో మెయిల్‌లో రాసి ఉంచుకోవడం మేలని అనుభవజ్ఞులు చెబుతారు.

ఇప్పుడు చాలా సంస్థలు వారానికి మూడు రోజులనీ, ఐదు రోజులనీ ఉద్యోగులను తిరిగి ఆఫీసులకు పిలుస్తున్నాయి. పిలుపుకూ హాజరుకూ మధ్య ఇచ్చే గడువు తరచు కొద్ది వారాలే. ఆ వారాల్లో కుటుంబం ఆయాను వెదకాలి, ఆమెకు మందుల వేళలూ తిప్పే పద్ధతీ నేర్పాలి, తోబుట్టువులతో వంతులు మళ్లీ మాట్లాడుకోవాలి, అవసరమైతే తల్లిని ఊరి నుంచి నగరంలోని రెండో అంతస్తు ఫ్లాటుకు మార్చాలి. డిమెన్షియా ఉన్నవారు కొత్త ఇంటికీ కొత్త మనిషికీ అలవాటుపడటానికి ఆ గడువు చాలకపోవచ్చు గనుక, ఇంటి నుంచి పని సాగుతున్న రోజుల్లోనే వారానికి ఒకటి రెండు పూటలు బయటి మనిషి చేత చేయించుకోవడం పెద్దలకు అలవాటు చేసిన కుటుంబాలు ఆఫీసు పిలుపు వచ్చిననాడు తక్కువ తడబడతాయి.